మిల్లీసెకన్లతో కట్టిన గది

ఇల్లు ఖాళీ చేసే రోజున సామానంతా లారీ ఎక్కాక, గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. నిన్నటిదాకా పరుపులూ బట్టలూ మింగేసిన చప్పుడు ఇప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. కళ్లు మూసుకున్నా గది ఎంతదో తెలిసిపోతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 17 మీటర్ల అవతలి గోడకు తగిలి రావడానికి సెకనులో పదో వంతు చాలు. ఆ కాస్త ఆలస్యాన్నే మెదడు దూరంగా లెక్కగడుతుంది.

మార్టిన్ హానెట్ ఈ లెక్కను తిరగేశాడు. కెమిస్ట్రీ చదివి రికార్డింగులోకి దిగి, పాటల రికార్డు ఎలా వినిపించాలో తేల్చే ప్రొడ్యూసరైన ఇంగ్లండు మాంచెస్టర్ మనిషి. 1979లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో 'జాయ్ డివిజన్' అనే రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' చేసినప్పుడు, అతని దగ్గర డిజిటల్ డిలే అనే యంత్రం ఉంది. శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుని, కొన్ని మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యో వంతులు) ఆగి వదులుతుంది. అంటే గోడ లేకుండానే ప్రతిధ్వని. స్నేర్ డ్రమ్ (డ్రమ్స్‌లో ఠపీమని మోగేది) దెబ్బకు నకలు 30 మిల్లీసెకన్లలోపే వస్తే చెవి రెండింటినీ కలిపేసుకుంటుంది, దెబ్బ లావెక్కినట్టుంటుంది. ఇంకా ఆలస్యమైతే రెండో దెబ్బ విడిపోయి, ఎక్కడో గోడ ఉన్నట్టు తోస్తుంది.

చిక్కల్లా ఒకటే. డ్రమ్స్ అన్నీ కలిపి వాయిస్తే ఒకదాని మైకులో ఇంకొకటి దూరుతుంది, ఒక్క డ్రమ్‌కే ప్రతిధ్వని తగిలించడం కుదరదు. అందుకే హానెట్ డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత కొన్నిచోట్ల ఒక్కో డ్రమ్మూ విడిగా కొట్టించాడు. 'ఇన్‌సైట్' పాటలో గాయకుడు ఇయన్ కర్టిస్ గొంతును టెలిఫోన్ లైన్ గుండా రికార్డు చేశాడు. ఆనాటి ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేది, అంతకన్నా కింది, పై స్వరాలను వదిలేసేది. అటూ ఇటూ తెగిపోయిన గొంతు ఎంతో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది.

స్టేజీ మీది తమ హోరు రికార్డులో లేదని గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్, బేసిస్టు పీటర్ హుక్ గొణుక్కున్నారు. నిజమే, లేదు. కానీ ఆ ఖాళీలో హుక్ వాటా కూడా ఉందనిపిస్తుంది నాకు. అతని పాత ఆంప్లిఫయర్‌లో కింది స్వరాలు సరిగ్గా వినపడక పై స్వరాల్లో వాయించడం అలవాటైంది. బేస్ పైకెక్కితే కింద చోటు మిగలదా మరి!

రెండో ఆల్బమ్ 'క్లోజర్' 1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో తయారైంది. కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజర్ వాడకం పెరిగింది. సాగే స్వరానికి డ్రమ్ దెబ్బలాంటి పదునైన అంచు ఉండదు, కాబట్టి దాని ప్రతిధ్వని విడిగా చెవికి దొరకదు, స్వరంలోనే కలిసిపోతుంది. తొలి ఆల్బమ్ సామాను తీసేసిన సిమెంటు గదైతే, ఇది పైకప్పు కనిపించని హాలు. అది జూలైలో విడుదలయ్యే నాటికి కర్టిస్ లేడు. మే 18న చనిపోయాడు.

మిగిలినవాళ్లు 'న్యూ ఆర్డర్' అయ్యారు. మొదటి ఆల్బమ్‌కు హానెటే. 1983లో 'బ్లూ మండే' పాటకు అతను లేడు, వాళ్ల దగ్గర డ్రమ్ చప్పుళ్లు తానే వాయించే డ్రమ్ మెషీన్ ఉంది. మోరిస్ చేత విడివిడిగా కొట్టించి హానెట్ సాధించింది దాంట్లో ముందే ఉంది: ఏ డ్రమ్ చప్పుడు దాని వైరులోనే.