పాత స్టేషను గోడలకు సిమెంటు పట్టించడం: అపోహలు - వాస్తవాలు

రైల్వే స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం స్టేషన్ల పేర్లు వచ్చినప్పటి నుంచి, పాత కట్టడాల మరమ్మతులు చూసే నాకు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో ఎదురైన వారందరూ ఇంచుమించు ఒకే సలహా ఇస్తున్నారు: "సున్నం గోడలు ఇంకెన్నాళ్లుంటాయండీ, మంచి సిమెంటు పట్టించేయండి."

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడకు బలం వస్తుంది, చెమ్మ ఆగిపోతుంది.

వాస్తవం: గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలకు అడుగున చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు కాబట్టి నేలలోని తడి పైకి పాకుతూనే ఉంటుంది, అయితే సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా అది ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. అప్పుడు తడి మరింత ఎత్తుకు ఎక్కుతుంది, దానితో వచ్చిన లవణాలు పూత వెనుక పేరుకుని ఇటుకను పొరలు పొరలుగా విడగొడతాయి. ఎండకూ చలికీ గోడ కదిలినప్పుడు మెత్తని సున్నం సర్దుకుంటుంది, గట్టి సిమెంటు సర్దుకోదు.

చిన్న లైను (నారోగేజి) బ్రాడ్‌గేజిగా, అంటే వెడల్పు పట్టాల దారిగా మారిన ఒక స్టేషనులో టిక్కెట్ల గది గోడకున్న సిమెంటు పెచ్చును మా మేస్త్రి ఉలితో లేపగానే ఇటుక ఎర్రటి పొడిగా అతని అరచేతిలోకి రాలింది, పెచ్చు లోపలి వైపున ఉప్పు దూది అంటించినట్టు పూసి ఉంది. అసలు కారణం గోడలో లేదు. బ్రాడ్‌గేజిలో ఎత్తైన (హై లెవెల్) ప్లాట్‌ఫారం పట్టాల కంటే 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి కాబట్టి, ఎత్తు పెంచడానికి పోసిన మట్టినంతా గోడకు ఆనించి నింపేశారు, వాన నీరంతా పునాది వైపే వాలింది. ఆ మట్టి తీయించి, గోడకూ ప్లాట్‌ఫారానికీ మధ్య కాలువ వదిలి, సిమెంటు ఒలిచి, గోడను ఆరనిచ్చిన తరువాతే సున్నం పూశాము. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నెలల తరబడి గట్టిపడే సున్నాన్ని పలుచని పూతలుగా, తడుపుతూ వేయాలి గనుక ఆ గడువును టెండరులోనే రాయించుకోవాలి. ప్రారంభోత్సవం తేదీ చూసుకుని పూత వేయించే వారితో వాదించే ఓపిక నాకు లేదు.

వారసత్వ కట్టడమైతే మేకు కూడా కొట్టకూడదన్న మాట నిజం కాదు. 2004లో యునెస్కో జాబితాకెక్కిన ముంబయి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో నేటికీ లోకల్ రైళ్లు తిరుగుతున్నాయి. లిఫ్టునూ ర్యాంపునూ పాత గోడపై భారం పడకుండా పక్కనే విడిగా నిలబెట్టవచ్చు. వందేళ్లు దాటితే కూల్చాల్సిందేనన్నదీ వట్టి మాటే. నిజంగా భయపడవలసింది పైకప్పుకు దూలాలుగా వాడిన పాత రైలు పట్టాలు గోడలో దిగిన చోట పట్టే తుప్పును చూసి, ఎందుకంటే తుప్పుతో ఉబ్బిన ఇనుము చుట్టూ ఉన్న ఇటుకను చీలుస్తుంది.

ఇక పర్లాకిమిడి స్టేషనంతా నేలమట్టం చేస్తారన్న వాట్సాప్ వార్త. 1900 నుంచి నౌపడా దారిలో నడిచిన చిన్న రైలును 2004లో పోగొట్టుకున్న ఊరివారు భయపడడంలో తప్పులేదు. నక్షాలో కూల్చబోయే భాగానికి పసుపు గీతలు, కొత్తగా కట్టేదానికి ఎరుపు రంగు వేయడం మామూలు పద్ధతి, ముందు అది అడిగి చూడండి. "మా అరుగు కూడా పోతుందా బాబూ?" అని అడిగిన టీకొట్టు పెద్దాయనకు అదే చూపించాను. అరుగు మీద పసుపు లేదు, దాని వెనకనున్న పెంకుల సావిడి మీద మాత్రం ఉంది.