ప్రసంగ సిద్ధపాటు: నేను కూడా నమ్మిన కొన్ని అపోహలు

పల్లెటూరి సంఘంలో పదిహేనేళ్లుగా వాక్యం చెబుతున్నాను. కొత్తగా సేవలోకి వచ్చే తమ్ముళ్లు, సండే స్కూల్ టీచర్లు నన్ను అడిగేవే ఇవి.

అపోహ: సిద్ధపడితే ఆత్మ నడిపింపు ఉండదు. నోరు తెరిస్తే దేవుడే నింపుతాడు.

దీనికి అందరూ చూపించేది మత్తయి 10:19. ఏం మాట్లాడాలా అని చింతపడొద్దని ప్రభువే అన్నాడు కదా అంటారు. దానికి పైనున్న రెండు వచనాలు కూడా చదవండి. శిష్యుల్ని పట్టుకుని అధిపతుల ముందుకు, రాజుల ముందుకు ఈడ్చుకెళ్లే సందర్భం అది. బోనులో నిలబడ్డవాడికి ఇచ్చిన ధైర్యమే గానీ, వారంలో ఆరు రోజులు చేతిలో ఉన్న పాస్టరుకి ఇచ్చిన సెలవు చీటీ కాదు. పౌలు చెరసాలలో చావుకి దగ్గరలో ఉండి కూడా తిమోతికి ఏం రాశాడు? అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు.

ఒక ఆదివారం నేను ఖాళీ చేతులతో పుల్పిట్ ఎక్కాను. పది నిమిషాల్లో సరుకు అయిపోయింది. మిగతా అరగంట "స్తోత్రం చెప్పండి", "పక్కవాళ్లతో చెప్పండి" అంటూ నెట్టుకొచ్చాను. బయటికొచ్చాక ఒక పెద్దావిడ, "ఈ రోజు బాగా అలిసిపోయినట్టున్నారు అయ్యగారూ" అంది. అంతకన్నా మర్యాదగా ఎవరు చెప్పగలరు?

అపోహ: వచనం దొరికితే ప్రసంగం దొరికినట్టే.

మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గానీ హానికి కావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 లేని వాగ్దానపు కార్డుల (ఒక్కో వచనం అచ్చేసి పంచే కార్డుల) కట్ట ఉండదు. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. సరిగ్గా దాని పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం. అది విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూడలేదు. "ఈ ఏడాదే నీ సమస్య తీరిపోతుంది" అని అరవడానికి ఆ వచనం ఒప్పుకోదు. కానీ మూడేళ్లుగా ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న కుర్రాడికి ఆ ఉత్తరం మొత్తంలో చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే సోమవారం నుంచి రోజుకోసారి అధ్యాయమంతా చదువుతాను. అసలు కొత్త నిబంధనలో మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేసినవి. పౌలు రాసింది ఉత్తరాలు.

అపోహ: తెలుగే కదా, అందరికీ అర్థమవుతుంది.

ఫిలిప్పీ 4:7 మీద చెప్పిన రోజు, కొత్తగా వచ్చిన ఒకాయన కూడిక అయ్యాక నన్ను ఆపాడు. "దేవుని సమాధానం అన్నారు కదండీ, ఇంతకీ ప్రశ్న ఏంటండీ?" నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మనకి సమాధానం అంటే శాంతి. ఆయనకి జవాబు. నిరీక్షణ కూడా అంతే. బయట ఎదురుచూడటం, మన బైబిల్లో ఆశ. అప్పటి నుంచి ఇలాంటి మాటల కింద పెన్సిల్ గీత పెట్టుకుని, పక్కన వాడుక మాట రాసుకుంటున్నాను.

అపోహ: మంచి కథ ఉంటే జనం గుర్తుపెట్టుకుంటారు.

గుర్తుపెట్టుకుంటారు. భయం అక్కడే. పక్షిరాజు 40 ఏళ్లకు కొండెక్కి, ముక్కు రాతికి కొట్టి విరగ్గొట్టుకుని, మళ్లీ యౌవనం పొందుతుందట! వాట్సాప్‌లో చూసి నేనూ చెప్పాను. ముక్కు విరిగిన పక్షిరాజు తినలేక చస్తుంది. ఈకలు వాటంతటవే కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తాయి. వెనక బెంచీలో జువాలజీ చదివే పిల్ల కూర్చుని ఉంటుంది. కథ అబద్ధమని తెలిశాక, దేవుని కోసం ఎదురుచూసేవాళ్లు పక్షిరాజుల్లా రెక్కలు చాపి ఎగురుతారనే యెషయా 40:31ని మాత్రం ఎందుకు నమ్ముతుంది?

అపోహ: గంటన్నర చెబితేనే అభిషేకం, అంటే ప్రసంగంలో ఆత్మ బలం ఉన్నట్టు.

ఎంతసేపు చెప్పామని కాదు, ఏం చెప్పామని చూడాలి. అందుకే శనివారం రాత్రి వంటింట్లో మా ఆవిడకి ప్రసంగం మొత్తాన్ని ఒక్క ముక్కలో చెబుతాను. "అయితే ఏంటి?" అని అడిగిందంటే, మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను.