ఖాళీ డబ్బా ఖాళీయేనా?

పిల్లలూ,

మీలో ఒక పాప నన్ను అడిగింది: "తాతయ్యా, నానమ్మ మాత్రల డబ్బా అయిపోయింది. పూసలు దాచుకుందామని తీసుకుంటే అమ్మ గబుక్కున లాగేసుకుంది. ఖాళీదే కదా, ఎందుకలా?" పాపం, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

నా చిన్నప్పుడు సిరాబుడ్డీలు ఉండేవి. ఓసారి అయిపోయిన బుడ్డిని కడుగుదామని నీళ్ల తొట్టిలో ముంచాను. అడుగున చుక్క కూడా లేదనుకున్నాను. ముంచగానే మూతిలోంచి నీలం పొగలా లేచి, మెలికలు తిరుగుతూ పాకింది. తొట్టంతా లేత నీలం! పారబోసి మళ్లీ కడిగాను, మళ్లీ నీలమే. ఐదోసారికి నీళ్లు తేటబడ్డాయి. హమ్మయ్య అనుకుని తెల్లగుడ్డతో తుడిస్తే, గుడ్డ మీద నీలి గీత.

మందు డబ్బా కూడా సిరాబుడ్డి లాంటిదే. మందు జాడకు రంగు ఉండదు, అంతే తేడా. రంగుంటే అమ్మ చెప్పకముందే మీరే చేయి వెనక్కి తీసుకునేవాళ్లు. నానమ్మ వేసుకునేవి క్యాన్సర్ మాత్రలు. అవి ఒకదానికొకటి రాసుకుని రాలిన పొడి డబ్బా గోడలకు అంటుకుని ఉంటుంది. జబ్బు కణాలను చంపే మందు మంచి కణాలనూ వదలదు. అందుకే అమ్మ కంగారుపడింది. పెద్దవాళ్లు కూడా ఆ డబ్బాను గ్లౌజులు వేసుకుని పట్టుకుంటారు.

ఇంకో సిరాబుడ్డి చెబుతాను. తీవ్రమైన నొప్పికి ఒంటికి అంటించే ఫెంటానిల్ పట్టీ ఉంటుంది. మూడు రోజులయ్యాక తీసేస్తారు. పని అయిపోయింది కదా అనుకుంటాం. కానీ అందులో మిగిలిన మందు చిన్నపిల్లల ప్రాణం తీసేంత ఉంటుంది. అలాంటిది ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకండి, వెంటనే పెద్దవాళ్లను పిలవండి. ఈ ఒక్కమాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మరి కడిగేస్తే సరిపోదా? నా తొట్టి గుర్తుందా! కడిగిన నీళ్లు కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి, నదిలోకి పోతాయి. మురుగునీటిని శుద్ధిచేసే చోట్లు మందులను పూర్తిగా వడకట్టలేవు. కెనడాలో శాస్త్రవేత్తలు 2001 నుంచి మూడు వేసవులు ఒక సరస్సులో ఒక హార్మోను మందు కలిపి చూశారు. లీటరు నీటికి ఐదారు నానోగ్రాములే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు! అంత కొంచానికే మగచేపల్లో గుడ్ల తాలూకు ప్రోటీన్ తయారైంది, ఒక జాతి చిన్నచేపలు దాదాపు కనుమరుగయ్యాయి. కలపడం ఆపాక కొన్నేళ్లకు మళ్లీ వచ్చాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు కుదుటపడుతుంది.

అందుకే ఇలాంటి డబ్బాలను కడగకుండా, మూత బిగించి, మందు ఇచ్చిన ఆసుపత్రికో తిరిగి తీసుకునే మందుల షాపుకో ఇచ్చెయ్యమని అమ్మానాన్నలకు చెప్పండి. అయిపోయిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఎవరూ పొడవకూడదు, మంటలో వెయ్యకూడదు. లోపల ఒత్తిడి ఉంటుంది, పేలుతుంది.

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. అయిపోయిందని పక్కన పెట్టిన దగ్గు మందు సీసాను, మూత బిగించే ఉంచి, కిటికీ దగ్గర నిలబెట్టమని అమ్మను అడగండి. పొద్దున్నే వెలుతురులో దాని అడుగు చూడండి.

మీ తాతయ్య