గాయం మానడంలో చర్మం మీది బ్యాక్టీరియా పని

చెనిక్కాయ చెట్లు పీకే రోజుల్లో అనంతపురం పల్లెల్లో కూలికి పోయే ఆడవాళ్ల చేతులు చూడండి. వాన మొహం చాటేసి నేల బిగుసుకుపోయిందంటే చెట్టు ఒక పట్టాన ఊడిరాదు. చూపుడువేలి పక్కన చర్మం లేచిపోయి ఎర్రగా చీలి ఉంటుంది. తెల్లారితే మళ్లీ అదే చేను, అదే మట్టి. అయినా ఆ చీలికలు చాలావరకు చీము పట్టకుండానే పక్కు కట్టి మానిపోతాయి. ఇందులో మన తెల్లరక్తకణాల కష్టం ఎంతో ఉంది. చర్మం మీద కాపురముండే బ్యాక్టీరియాకూ వాటా ఉంది. ఆ వాటా సంగతి మనవాళ్లకు ఎవరూ సరిగా చెప్పలేదని నా బాధ.

ముఖం, వీపు లాంటి జిడ్డు చోట్ల క్యూటీబ్యాక్టీరియం ఏక్నిస్ అనే బ్యాక్టీరియా ఎక్కువ. మొటిమలతో చెడ్డపేరు తెచ్చుకున్నది ఇదే. చర్మం ఊరించే నూనెను ఇది కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. చర్మం పీహెచ్ 5 దగ్గర, కాస్త ఆమ్లంగా నిలబడటానికి అదొక కారణం. చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు ఆ పులుపు గిట్టదు.

అసలు చెప్పుకోవాల్సింది మన చర్మం మీద మామూలుగా కాపురముండే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా గురించి. చర్మం తెగినప్పుడు చచ్చిన కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే జన్యుపదార్థం బయటపడి వాపు, మంట రేపుతుంది. అన్నం ఉడకాలంటే మంట కావాలి, ఎక్కువైతే మాడిపోతుంది, గాయమూ అంతే. ఈ బ్యాక్టీరియా కణగోడలోని ఒక పదార్థం ఆ మంటను తగ్గిస్తుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. 2018లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఎలుకల చర్మానికి ఈ బ్యాక్టీరియాను పూసి చూశారు. దాన్ని గుర్తుపట్టే టీ కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) చర్మంలో చేరి, గాయం తొందరగా పూడింది. ఎలుకల్లో తేలినదంతా మనిషికి అచ్చంగా వర్తించదు, కానీ దారి మాత్రం తెలిసింది.

ఇదే ఎపిడెర్మిడిస్ ఆసుపత్రిలో పెట్టిన గొట్టాల మీద పొరలా పేరుకుంటే ప్రమాదం. ఎక్కడ ఉండాల్సింది అక్కడుంటేనే మేలు.

అందుకే చిన్న గాయానికి రోజూ స్పిరిట్ పోయడం నాకు నచ్చదు. అది చర్మం మీది మంచి బ్యాక్టీరియాను చంపడమే కాక, కొత్తగా పుట్టే చర్మకణాలనూ కాలుస్తుంది. మంచి నీళ్లు ధారగా పోసి మట్టి పోయేలా కడగాలి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. బీడీ బూడిద, నశ్యం, పేడ అసలు పెట్టకూడదు. మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిమి బీజాలు ఉంటాయి. ఆ టీకా వేసుకుని చాలా ఏళ్లయితే మళ్లీ వేయించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల సంగతి వేరు. స్పర్శ తగ్గి సర్కారు తుమ్మ ముల్లు దిగినా తెలియదు, రక్తం సరిగా అందదు. చెడ్డ క్రిములు పుండులో పొర కట్టుకుని మందుకు లొంగవు. చర్మం మీది మంచి బ్యాక్టీరియాను నమ్ముకుని కూర్చుంటే కాలే పోవచ్చు. సాయంత్రం కాళ్లు కడిగాక అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనవడినో మనవరాలినో చూడమనాలి. ముల్లు విరిగి లోపలుంటే పిన్నీసుతో కెలక్కుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.