పెరటి తలుపు

పిల్లలూ,

మొన్న సాయంత్రం నేను డైరీ రాసుకుంటుంటే మీలో చిన్నది వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. చప్పున చేత్తో మూశాను. "ఎవరికీ చూపించవా తాతయ్యా?" అంది. చూపించనన్నాను. "మరి లైకులు రావుగా! ఎవరూ చూడనిది ఎందుకు రాయడం?" అంది. ఆ పూటకి ఏదో చెప్పి తప్పించుకున్నాను. రెండు రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది.

ఇంటికి రెండు వైపులుంటాయి కదా, వీధివైపు అరుగు, వెనక పెరడు. అరుగు మీదికొచ్చేటప్పుడు తల దువ్వుకుంటాం, మంచి చొక్కా వేసుకుంటాం. దారిన పోయేవాళ్ళు పలకరిస్తారు, మనమూ నవ్వుతాం. మీ స్టేటస్సులూ రీల్సూ అలాంటి అరుగే. దాన్ని నేను తప్పుపట్టను. అరుగు లేని ఇల్లు బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. కానీ ఇల్లంతా అరుగే అయితే ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తాం? రంగు వెలవకుండా తిరగేసి ఆరేస్తాం చూడండి, అప్పుడు కుట్లూ మాసికలూ అన్నీ బయటపడతాయి. అవి ఆరాల్సింది పెరట్లో. కాలు విరిగిన కుర్చీ, పారెయ్యడానికి మనసొప్పని డబ్బా, అన్నీ అక్కడే. కోపమొస్తే వెళ్ళి నిలబడేదీ, ఏడుపొస్తే మొహం కడుక్కునేదీ అక్కడే.

డైరీ పెరడన్నమాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ పెరడు సంగతిలో ఆ సామెతని నేను ఒప్పుకోను.

"నాది ప్రైవేట్ అకౌంట్ తాతయ్యా, యాభైమందే ఉంటారు" అంటాడు పెద్దాడు. యాభైమంది పట్టేది పెరడెలా అవుతుంది నాయనా? అదీ అరుగే, కాకపోతే గేటు పెట్టిన అరుగు.

చూసేవాళ్ళున్నారని తెలిస్తే రాసే చెయ్యి మారిపోతుంది. ఆన్ ఫ్రాంక్ పేరు మీరు విన్నారుగా, రెండో ప్రపంచయుద్ధం నాటి యూదుల అమ్మాయి. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకి, ఆ పిల్లకి డైరీ వచ్చింది. కొద్దివారాల్లోనే యూదుల్ని వేటాడుతున్న హిట్లర్ నాజీలకి భయపడి నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డాంలో ఇంటిల్లిపాదీ దాక్కోవలసి వచ్చింది. కిట్టీ అని ఓ స్నేహితురాల్ని ఊహించుకుని, ఆమెకి ఉత్తరాలు రాసినట్టు రాసుకుంది. 1944 మార్చిలో లండన్ నుంచి వచ్చే రేడియోలో డచ్ మంత్రి ఒకాయన, యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలూ ఉత్తరాలూ సేకరించాలని చెప్పాడు. ఆ మాట విన్నాక ఆన్ తన డైరీని మొదటినుంచీ తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని చేర్చింది, మనుషులకి మారుపేర్లు కూడా రాసిపెట్టుకుంది. అంటే ఆమె అబద్ధాలు రాసిందని కాదు. పెరట్లోంచి అరుగు మీదికి వచ్చింది, కాబట్టి తల దువ్వుకుంది. అంతే. కానీ తిరగరాయడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా! అది ఎవరూ చూడనప్పుడు రాసుకున్నదే.

ఇంకొకాయన ఉన్నాడు, నాకు భలే ఇష్టం. శామ్యూల్ పీప్స్ అని, లండన్‌లో నౌకాదళం ఆఫీసులో ఉద్యోగి. 1660 జనవరి 1న మొదలుపెట్టి తొమ్మిదేళ్ళ పైచిలుకు రాశాడు. అదీ మామూలు అక్షరాల్లో కాదు, షార్ట్‌హ్యాండ్‌లో, అంటే గబగబా రాయడానికి వాడే పొట్టి గుర్తుల్లో. 1666లో లండన్ తగలబడి మంటలు దగ్గరికొస్తుంటే ఏం చేశాడో తెలుసా? తోటలో గొయ్యి తవ్వి వైన్‌నీ, ఎంతో ఇష్టమైన పార్మెసాన్ చీజ్‌నీ పాతిపెట్టాడు! ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు కూడా. ఇప్పుడైతే "అందరూ క్షేమంగా ఉండాలి" అని పోస్టు పెట్టేవాడు, చీజ్ మాట ఎత్తేవాడు కాదు. కళ్ళు పోతాయేమోనన్న భయంతో 1669లో రాయడం మానేశాడు. ఆ తరవాత ముప్పైనాలుగేళ్ళు బతికాడు, కళ్ళు పోనేలేదు పాపం. ఆ రాతని మూడేళ్ళు తంటాలుపడి విప్పినాయన పందొమ్మిదో శతాబ్దంవాడు. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పే పుస్తకం పీప్స్ లైబ్రరీలోనే ఉందని ఆయనకి తెలియదు.

రహస్య లిపి అంటే నా సంగతీ చెప్పాలి. నాకు పదకొండేళ్ళప్పుడు మా అన్నయ్య నా నోటుబుక్కు దొరకపుచ్చుకుని నలుగురి ముందూ గట్టిగా చదివేశాడు. నేను రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఓ లిపి కనిపెట్టాను. ఏ హల్లు రాయాలన్నా వర్ణమాలలో దాని తరవాతది రాయడం. క బదులు ఖ, న బదులు ప, మ బదులు య. దాంతో మా ఇంట్లో అమ్మ కాస్తా 'అయ్య' అయిపోయింది. అన్న 'అప్ప' అయిపోయాడు. అప్ప అంటే అక్క! వాణ్ణి అలా రాసినప్పుడల్లా నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ రోజుల్లోనే నా ఇంకుపెన్ను విరిగింది. నా పక్క బెంచీవాడు విరగ్గొట్టాడని ఇంట్లో చెప్పాను. వాడికీ నాకూ మాటలు పోయాయి. పెద్దయ్యాక కూడా స్నేహద్రోహం మాటొస్తే ఈ పెన్ను కథే చెప్పేవాణ్ణి, కళ్ళకి కట్టినట్టు. నలభయ్యో ఏట ఇల్లు సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. నా లిపిని నేనే కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరం వెనక్కి జరుపుకుని చదివాను. పెన్ను నా చేతిలోంచే జారిందట. నాన్న కొడతాడని భయమేసి వాడి పేరు చెప్పానట. ఆ రాత్రే రాసుకున్నాను! రాసి, మర్చిపోయి, అబద్ధాన్నే జ్ఞాపకంగా దాచుకున్నాను. అరుగు మీద అన్నేళ్ళు చెప్పిన కథకి పెరట్లో ఎదురు సాక్ష్యం పడి ఉంది.

వాడి ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. నేను నీళ్ళు నములుతుంటే, "ఆకుపచ్చ పెన్నేగా?" అన్నాడు.

అదమ్మా సంగతి. చిన్నదాని ప్రశ్నకి ఇది సూటి జవాబో కాదో నాకు తెలీదు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర లేదు కూడా.

రెండు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. రోజూ రాయలేదని టెన్షన్ పడకండి, అదేం హోంవర్కు కాదు. అక్షరం వంకరైనా, తప్పులున్నా పరవాలేదు, అక్కడ దిద్దేవాళ్ళుండరు. ఇంకోటి, ఎవరైనా మిమ్మల్ని భయపెట్టినా, ఇబ్బంది పెట్టినా డైరీలో రాసి ఊరుకోకండి. కాగితం వింటుందేగానీ లేచి వచ్చి సాయం చెయ్యదు. అలాంటివి మనిషికే చెప్పాలి. ఈ ఉత్తరం పెద్దవాళ్ళ కంటబడితే వాళ్ళకీ ఒక మాట: పిల్లల డైరీ కనిపిస్తే తెరవకుండా ఉన్నచోటే పెట్టండి. మా అన్నయ్య చేసిన పని మీరు చెయ్యకండి.

ఇవాళ ఎలాగూ ఏదో ఒక ఫొటో పెడతారు కదా. పెట్టాక ఫోను పక్కనపెట్టి, ఆ ఫొటోలో పడనిది ఒకటి కాగితం మీద రాయండి. ఫొటో తీసేముందు ఎవరు ఎవర్ని విసుక్కున్నారు, నవ్వమన్నప్పుడు మీకు నిజంగా ఏమనిపించింది, అలాంటిదేదైనా. తేదీ వెయ్యడం మరవొద్దు. కాగితాన్ని ఓ చోట దాచేసి మూడు నెలల తరవాత తీసి చూడండి.

ఏం రాశారో నాకు చెప్పొద్దు.

మీ తాతయ్య