పికప్ కొనే ముందు

బండి పికప్ పెంచాలనుకున్నవాళ్ళలో చాలామంది మొట్టమొదట కొనేది సైలెన్సర్. నేనూ అదే చేశాను. పాత బండి, కార్బురేటర్‌ది, కొన్నాళ్ళుగా మందగించింది. కొత్త సైలెన్సర్ బిగించిన రోజున ఆ శబ్దం విని బండికి రెక్కలొచ్చాయనే అనుకున్నాను. వారం తిరక్కుండానే అసలు సంగతి తెలిసింది. తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ తిప్పితే మునుపటికన్నా బద్ధకంగా లేస్తోంది. వదిలేస్తే సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుళ్ళు. చివరికి హెడ్, అంటే ఇంజన్ పైభాగం, మీది మూత విప్పి చూస్తే, ఎగ్జాస్ట్ ట్యాపెట్ (పొగ బయటికి వదిలే వాల్వ్ దగ్గర ఉండాల్సిన సందును సర్దే మర) బిగుసుకుపోయి ఉంది. దాన్ని సరిచెయ్యడానికి ఒక గంట పట్టింది. కావాల్సిన పనిముట్లు ఒక స్పానర్, ఒక ఫీలర్ గేజ్.

ఫీలర్ గేజ్ అంటే చాకు మడతలా పేర్చిన పల్చటి ఉక్కు రేకులు. ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది: 0.05 మి.మీ., 0.08, 0.10. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పై చివరకు తెచ్చి, వాల్వ్ కాడకూ, దాన్ని నొక్కి తెరిచే మీట అయిన రాకర్‌కూ మధ్య రేకు దూర్చాలి. సందు సరిగ్గా ఉంటే రేకు కాస్త పట్టుకుంటూ జారుతుంది. నా బండిలో మాన్యువల్ చెప్పిన రేకు అసలు దూరనే లేదు. సందు లేకపోతే వాల్వ్ తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, మండే వాయువు ఆ కంటికి కనిపించని చీలికలోంచి జారిపోతుంది. వేడికి కాడ సాగేకొద్దీ లీకు ఇంకా పెరుగుతుంది. అలాగే తిప్పి ఉంటే కొన్నాళ్ళకు వాల్వ్ అంచు కాలిపోయి హెడ్ దింపాల్సి వచ్చేది. కొత్త పార్టుతో కొనుక్కుందామనుకున్న పవర్ అంతా ఆ సందులోంచే పోతోందన్నమాట.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందు చెయ్యాల్సింది ఈ వెతుకులాటే. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్‌ను స్పార్క్ ప్లగ్ రంధ్రంలో బిగించి కిక్ కొడితే రింగులు, వాల్వ్‌ల పరిస్థితి చాలావరకు తెలిసిపోతుంది. ప్లగ్ కొస లేత గోధుమరంగులో ఉంటే మంట బాగున్నట్టు, మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా మాడినట్టుంటే తక్కువైనట్టు. చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పితే బ్రేకు రాసుకుంటోందా, చైన్ బిగుసుకుందా అన్నది చేతికే తెలుస్తుంది. స్పీడు పెరగకుండా ఇంజన్ ఒక్కటే అరుస్తుంటే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. వీటిలో ఏదైనా ఉండగా పవర్ పెంచడం చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే.

ఇక అసలు ప్రశ్న, ఇంజన్‌కి పవర్ ఎక్కడినుంచి వస్తుంది? పెట్రోలు నుంచి అనుకుంటాం గానీ, దొరకడం కష్టమయ్యేది గాలి. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి. ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. పెట్రోలు ఇంకో చుక్క పొయ్యడం సులువే. గాలిని లోపలికి రప్పించడంలోనే ఉంది తంటా. 150 సీసీ ఇంజన్ 8,000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 8,000 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకోసారి చొప్పున సెకనుకు 67 సార్లు ఊపిరి పీలుస్తుంది, ఒక్కో ఇన్‌టేక్ స్ట్రోక్‌కు దొరికే సమయం 4 మిల్లీసెకన్లకన్నా తక్కువ. ఆ కాస్తలోనే గాలి ఫిల్టర్ దాటి, కార్బురేటర్ దాటి, వాల్వ్ పక్కనుంచి దూరి సిలిండర్ నిండాలి.

కాబట్టి పవర్ పెంచే దారులు మూడే. ఒక్కో ఊపిరిలో ఎక్కువ గాలి పట్టించడం, నిమిషానికి ఎక్కువ ఊపిరులు తీయించడం, పట్టిన గాలిని ఇంకా గట్టిగా నొక్కి మండించడం. 1885లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాహ్ చేసిన తొలి పెట్రోలు మోటార్‌సైకిల్ ఇంజన్ 264 సీసీ. 600 ఆర్‌పీఎం దగ్గర అది ఇచ్చింది అర హార్స్‌పవర్. ఇప్పటి 150 సీసీ ఇంజన్ 8,500 దగ్గర 15 ఇస్తుందనుకుంటే, సీసీకి సీసీ పోల్చినప్పుడు తేడా 50 రెట్లకు పైనే. అందులో 14 రెట్లు కేవలం వేగంగా తిరగడం వల్ల వచ్చిందే.

అయితే రెడ్‌లైన్ (ఇంజన్ తిరగగలిగే గరిష్ఠ ఆర్‌పీఎం) పెంచితే సరిపోదా అంటే, పిస్టన్‌ను ఆపి వెనక్కి లాగేటప్పుడు దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 9,000 నుంచి 10,000కి వెళ్తే పవర్ పెరిగితే 11 శాతం, అదీ గాలి అందితేనే. రాడ్ మీద భారం మాత్రం 23 శాతం ఎక్కువ. తక్కువ బడ్జెట్‌లో నేనైతే ఈ దారి జోలికి పోను.

బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, పెంచడం అందరికీ ఇష్టమైన పని. 57 మి.మీ. బోర్‌ను 59 చేస్తే 150 సీసీ ఇంజన్ 160 అవుతుంది, అంటే 7 శాతం. హెడ్‌లోని గది అలాగే ఉండి సిలిండర్ పెద్దదైంది కాబట్టి కంప్రెషన్ కూడా పెరుగుతుంది. ఆ పని లేత్ ఖర్చుతో ఆగదు. పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు, వాటికి తగ్గ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం) అన్నీ మారాలి. సిలిండర్ గోడ పల్చనవుతుంది, వేడి పెరుగుతుంది. 7 శాతం కోసం ఇల్లు పీకి పందిరి వెయ్యడమే. ఎలాగూ రింగులు అరిగి ఇంజన్ విప్పాల్సి వచ్చినప్పుడైతే ఆలోచించవచ్చు. కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నోవంతుకు నొక్కుతామన్నది) ఒక్కదాన్నే 9 నుంచి 11కి పెంచితే కాగితం మీద లాభం 5 శాతం చిల్లర. దాంతోపాటు నాకింగ్ భయం వెంటబడుతుంది, అంటే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమనడం. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఆపేది దీన్నే. నాకింగ్ లేని ఇంజన్‌లో అది పోస్తే, ఇంజన్ దాన్ని మామూలు పెట్రోలులాగే తాగేస్తుంది. ఖరీదైన ఇరిడియం ప్లగ్ కూడా అంతే. ఎక్కువకాలం మన్నుతుంది గానీ, బాగున్న ప్లగ్ స్థానంలో పెట్టినందుకు హార్స్‌పవర్ రాదు.

ఫిల్టర్, సైలెన్సర్, జెట్ ఈ మూడూ ఒకే పని అని నాకు ఆలస్యంగా అర్థమైంది. గాలి దారి వెడల్పు చేసి పెట్రోలు పెంచకపోతే మిశ్రమం పల్చబడుతుంది. నా సైలెన్సర్‌లో పేలుళ్ళకు సగం కారణం అదే. పైగా సైలెన్సర్ గొట్టం ఒట్టి పొగగొట్టం అనుకుంటే పొరపాటు. వాల్వ్ తెరుచుకోగానే అందులో ఒక పీడన తరంగం పరుగెత్తి, చివరనుంచి తిరిగొస్తుంది. గొట్టం పొడవు కుదిరితే ఆ తిరిగొచ్చే తరంగమే సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది, కుదరకపోతే లోపలికే తోస్తుంది. కంపెనీ గొట్టం మధ్య ఆర్‌పీఎంకు కుదిర్చి ఉంటుంది. మనం కొన్నది పైన ఎక్కడో కుదిరితే కింద పికప్ పోతుంది. ఇంజెక్షన్ బండ్లలో మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలును సర్దుతుంది గానీ, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు సాధారణంగా ఈసీయూలో, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ముందే రాసిన లెక్కే నడుస్తుంది. అది కూడా మార్పించాలి. మూడింటికీ కలిపి డబ్బు లేకపోతే మూడూ మానుకోవడం మేలు. ఫిల్టర్ పీకేసి తిప్పేవాళ్ళను చూస్తే మాత్రం జాలేస్తుంది. దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండర్‌ను ఉప్పుకాగితంలా గీకుతాయి.

తక్కువ డబ్బుతో రోడ్డు మీద తేడా స్పష్టంగా తెలిసేది స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) మార్పుతో. ముందు 14 పళ్ళు, వెనుక 42 ఉంటే నిష్పత్తి 3. ముందుది 13 చేస్తే 3.23. ఇంజన్ పవర్ ఒక్క పిసరు పెరగదు గానీ, ప్రతి గేరులోనూ వెనుక చక్రానికి అందే తోపు దాదాపు 8 శాతం పెరుగుతుంది. బదులుగా అదే స్పీడుకు ఇంజన్ 8 శాతం ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, చిన్న స్ప్రాకెట్ చుట్టూ ఎక్కువ మలుపు తిరగాలి కాబట్టి చైన్ కాస్త ముందే అరుగుతుంది. టాప్ స్పీడు కోరేవాళ్ళకు ఇది పనికిరాదు. వాళ్ళకు లెక్క మరీ కఠినం. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 110 కి.మీ. పోయే బండికి 10 శాతం పవర్ కలిపితే వచ్చేది ఇంకో మూడున్నర కి.మీ. ట్యాంకు మీదికి వంగి కూర్చున్నా స్పీడు పెరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఏది మార్చినా ముందూ వెనుకా కొలవాలి, చెవిని నమ్మకూడదు. నేను ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి మీటరును వీడియో తీస్తాను. బండ్లు తిరగని చదునైన దారిలో, మూడో గేరులో 40 నుంచి 70 దాకా, అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. తర్వాత ఇంట్లో కూర్చుని ఫ్రేములు లెక్కపెడతాను. నా మీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి స్ప్రాకెట్ మార్చినా లెక్క తప్పదు. గేర్‌బాక్స్ దగ్గర సెన్సర్ ఉన్న బండ్లలో మీటరే తప్పు చూపిస్తుంది. రెండు కొలతలూ ఒకే వేళకు తియ్యాలి. 20 డిగ్రీల గాలికన్నా 40 డిగ్రీల గాలి 6 శాతానికి పైగా పల్చన. మధ్యాహ్నం పాత పార్టుతో కొలిచి, తెల్లవారుజామున కొత్త పార్టుతో కొలిస్తే ఏ పార్టు అయినా అద్భుతమే.

ఇలా కొలిచినప్పుడు నా బండికి ఎక్కువ లాభం ట్యాపెట్ నుంచి వచ్చింది, ఆ తర్వాత 13 పళ్ళ స్ప్రాకెట్ నుంచి. పాత సైలెన్సర్ తిరిగి బిగించి కొలిస్తే మూడో గేరులో కొత్తదానికీ దానికీ రెండు మూడు ఫ్రేముల తేడా కూడా లేదు. మిగిలిన డబ్బుతో బ్రేకు షూలు, వెనుక టైరు మార్పించాను. కొత్త సైలెన్సర్ అటక మీదుంది, ఎవరైనా అడిగితే ఇచ్చేద్దామని. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.