సాతాను ఉన్నాడా లేడా: గొడవ మొదలైంది 1972లో

2019లో క్యాథలిక్ చర్చిలోని యేసుసభ (జెస్యూట్ల) పెద్ద ఫాదర్ ఆర్తూరో సోసా మళ్లీ అదే మాట అన్నారు. ఆ ఏడాది ఆగస్టులో ఇటలీలోని రిమినిలో ఏటా జరిగే సమావేశాలకు వెళ్లినప్పుడు ‘తెంపి’ పత్రికవాళ్లు సాతాను గురించి అడిగారు. సాతాను మనిషిలాంటి ఒక వ్యక్తి కాదని, మనిషి జీవితంలోకి చెడు వచ్చే ఒక తీరని ఆయన జవాబిచ్చారు. ఉన్నది ప్రతీకగా, వ్యక్తిగా కాదు అని దాని సారాంశం. అంతర్జాతీయ ఎక్సార్సిస్టుల సంఘం, అంటే దయ్యాలు వదిలించే క్యాథలిక్ గురువుల (పాదిరీల) సంఘం, ఊరుకోలేదు. ఆలోచించి, నిర్ణయించుకుని దేవుని మీద తిరగబడిన ఒక జీవి సాతాను అన్నది క్రైస్తవ విశ్వాసంలో ఎప్పటినుంచో ఉన్న సత్యమని, సోసా మాట చర్చి బోధనకు బయట ఉందని ప్రకటన ఇచ్చింది.

2017లోనూ ఇదే జరిగింది. స్పెయిన్ పత్రిక ‘ఎల్ ముందో’తో మాట్లాడుతూ, చెడును చెప్పడానికి మనం సాతాను లాంటి ప్రతీకలను తయారుచేసుకున్నామని సోసా అన్నారు. గొడవయ్యాక, చర్చి ఏది నమ్ముతుందో ఆయనా అదే నమ్ముతారని ఆయన తరఫు ప్రతినిధి సర్దిచెప్పారు. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది.

ఏదెను తోటలో పాము, యోబు కథ, ఎడారిలో యేసుకు వచ్చిన శోధన అందరికీ తెలిసినవే. వాటిని వదిలేద్దాం. 1215లో రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల నాలుగో లాటరన్ మహాసభ మాట ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే రెండు పక్షాలూ దాన్నే చూపిస్తాయి. దేవుడు సాతానును, ఇతర దయ్యాలను మంచివాళ్లుగానే సృష్టించాడు, వాళ్లంతట వాళ్లే చెడ్డవాళ్లయ్యారు అన్నది ఆ మాట. మంచికి ఒక దేవుడు, చెడుకు ఇంకో దేవుడు అని నమ్మే కతారులకు జవాబుగా రాసిందది. సభ ఖండించింది ఇద్దరు దేవుళ్ల సిద్ధాంతాన్నే తప్ప సాతాను ఉనికిని నిర్వచించలేదు కదా అని ఒకరంటారు. ఉన్నాడని అనుకోకపోతే ఎవరు సృష్టించారన్న వాక్యం ఎందుకు అని ఇంకొకరంటారు.

దెయ్యం వదిలించే హాలీవుడ్ సినిమా వచ్చిన 1973 నుంచే ఇదంతా మొదలైందని చాలామంది రాస్తారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ఏడాది ముందే ఉంది.

1972 ఆగస్టు 15న పోప్ ఆరో పౌలు ఒక ఉత్తర్వు ఇచ్చారు. గురువు కాబోయేవాళ్లు దాటే మెట్లలో శతాబ్దాలుగా ‘ఎక్సార్సిస్ట్’ అన్న మెట్టు ఉండేది. ఆ ఉత్తర్వుతో అది రద్దయింది. ఆ మెట్టు ఎక్కిన కుర్రాళ్లెవరూ నిజానికి దెయ్యాలు వదిలించేవాళ్లు కాదు, అది పేరుకే మిగిలిన పట్టం. అయినా తీసేశారన్న కబురు ఎటు చూపిస్తోందో జనానికి అర్థమైంది. అప్పటికే 1964లో, పూజ చివర మిఖాయేలు దూతను సాతాను మీద సాయం కోరుతూ చేసే ప్రార్థనను తీసేశారు. 1969లో శిశువుల బాప్తిస్మ క్రమంలో దయ్యాన్ని గద్దించే మాటలు పోయి, ఒక్క ప్రార్థన మిగిలింది.

అదే 1969లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో పాత నిబంధన బోధించే ఫాదర్ హెర్బర్ట్ హాగ్ ఒక చిన్న పుస్తకం రాశారు. ‘సాతానుకు వీడ్కోలు’ అన్నది దాని పేరు. కొత్త నిబంధనలో సాతాను అన్నది ఆ కాలం వాళ్ల మాట తీరు, ఆ చోట పాపం లేదా చెడు అని చదువుకున్నా సువార్తకు లోటు రాదు అన్నారాయన. అంతటితో ఆపలేదు. మంత్రగత్తెలన్న పేరుతో ఆడవాళ్లను కాల్చి చంపిన చరిత్ర ఈ నమ్మకం మీదే నడిచిందని, మనిషి చేసిన తప్పు మనిషిదే అని ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి సాతాను అక్కరకొస్తున్నాడని రాశారు. ఈ రెండో మాటకు ఎదుటి పక్షం నుంచి సరైన జవాబు ఇంతవరకు నా కంటపడలేదు.

ప్రార్థనల్లోంచి సాతాను ఒక్కో మాటా తగ్గుతుండగా, 1972 నవంబరు 15న అదే ఆరో పౌలు బుధవారం సభలో ఎదురు దిశలో మాట్లాడారు. చెడు అంటే ఏదో ఒకటి లేకపోవడం మాత్రమే కాదని, అది పనిచేసే శక్తి అని, తాను చెడి ఇతరులను చెడగొట్టే సజీవమైన ఆత్మ అని చెప్పారు. మన కష్టాలకు కారణం తెలియక కల్పించుకున్న రూపంగా సాతానును చూసేవాళ్లు బైబిలు బోధన నుంచి, చర్చి బోధన నుంచి తప్పుకున్నట్టే అన్నారు. సోసా మీద 2019లో వచ్చిన ఆరోపణ అచ్చంగా ఇదే. 1975లో వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం ఒక పండితుడితో రాయించిన పెద్ద వ్యాసం కూడా ఇదే మాటను ఆధారాలతో బలపరిచింది. రాతలో ఏముందని చూస్తే ఎక్సార్సిస్టుల సంఘం వైపే న్యాయం ఉంది, అందులో సందేహం లేదు.

చిక్కల్లా ఒకే ఏడాదిలో ఒకే పోపు చేసిన ఆ రెండు పనుల్లో ఉంది. సిద్ధాంతంలో సాతాను గట్టిగా నిలబడ్డాడు, మామూలు విశ్వాసి వారం వారం వినే ప్రార్థనల్లో కనబడకుండా పోయాడు. దాంతో సాతాను గురించి మాట్లాడే పని బడి పంతుళ్లు, విచారణ (పారిష్) గురువుల చేతుల్లోంచి జారి, దయ్యాలు వదిలించేవాళ్ల చేతికి వెళ్లింది.

దాని ఫలితం నాలుగేళ్లకే జర్మనీలోని క్లింగెన్‌బర్గ్‌లో కనిపించింది. మూర్ఛ రోగానికి మందులు వాడుతున్న 23 ఏళ్ల కాలేజీ విద్యార్థిని అక్కడ 1976 జులై 1న చనిపోయింది. అప్పటికి బరువు 31 కిలోలు. అంతకుముందు సెప్టెంబరు నుంచి ఇద్దరు గురువులు 67 సార్లు ఆమె మీద 1614 నాటి క్రమం ప్రకారం దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థన చేశారు. వ్యుర్ట్స్‌బర్గ్ బిషప్ యోసెఫ్ ష్టాంగల్ గుట్టుగా ఉంచాలన్న షరతుతో అనుమతి ఇచ్చారు. ఆ అనుమతికి ఆధారం ఒక వృద్ధ జెస్యూట్ ఇచ్చిన అభిప్రాయం! ఇవాళ జెస్యూట్లంటే సాతానును నమ్మనివాళ్లని తిట్టేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. తిండీ నీళ్లూ లేక ఆమె ప్రాణం పోయింది, చివరి నెలల్లో వైద్యం అందలేదు. 1978లో అషాఫెన్‌బుర్గ్ కోర్టు తల్లిదండ్రులకు, ఇద్దరు గురువులకు ఆరేసి నెలల జైలు వేసి, అమలు నిలిపివేసింది. ప్రభుత్వ న్యాయవాది అడిగినదాని కంటే అది ఎక్కువ శిక్ష. బిషప్ మీద కేసు నడవలేదు.

హాగ్‌కు గట్టి జవాబిచ్చిన వాళ్లలో, తర్వాత పోపు అయిన యోసెఫ్ రాట్సింగర్ ఒకరు. హాగ్ ఈ నిర్ణయానికి వచ్చింది బైబిలు పండితుడిగా కాదు, ఈ కాలం మనిషిగా అని 1973లో ఆయన విమర్శించారు. అయితే ఆయన కూడా సాతానును నేరుగా వ్యక్తి అని పిలవలేదు. వ్యక్తిత్వం విరిగి శిథిలమైతే మిగిలేదే సాతాను అన్నట్టు రాశారు. మనిషిలాంటి వ్యక్తి కాదు అన్నంతవరకు సోసా మాటకూ దీనికీ పెద్ద దూరం లేదు. సోసా దాన్ని దాటి, ప్రతీక దగ్గరికి వెళ్లడంతోనే పేచీ.

1999లో వాటికన్ దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థనకు కొత్త క్రమం విడుదల చేసింది. వైద్యులను, మానసిక నిపుణులను సంప్రదించాలని, గట్టి నమ్మకం కుదిరాకే మొదలుపెట్టాలని అందులో ఉంది. క్లింగెన్‌బర్గ్ పాఠం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. రోమ్‌లో పేరున్న ఎక్సార్సిస్ట్ ఫాదర్ గాబ్రియేలే అమోర్త్‌కు అది నచ్చలేదు. ప్రార్థన చేసి చూస్తేనే కదా లోపల దయ్యం ఉందో లేదో తెలిసేది అన్నది ఆయన వాదన. ఆయన స్థాపకుల్లో ఒకరైన సంఘమే సోసా మీద ప్రకటన ఇచ్చింది. 2014లో దాని నియమావళిని వాటికన్ ఆమోదించింది.

ఇక సోసా మాట్లాడిన నాటి విషయానికి వస్తే, 2018 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ నివేదిక బయటికి వచ్చింది. లైంగిక వేధింపుల ఆరోపణలున్న 300 మందికి పైగా గురువులు, వెయ్యికి మించిన బాలబాధితులు. ఆ వెంటనే అక్టోబరు నెలంతా జపమాలతో పాటు, 1964లో తీసేసిన ఆ మిఖాయేలు ప్రార్థన చేయమని అప్పటి పోప్ ఫ్రాన్సిస్ విశ్వాసులను కోరారు. 2019 ఫిబ్రవరిలో ఇదే విషయం మీద వాటికన్‌లో జరిగిన సదస్సు ముగింపులో, అలాంటి గురువులు సాతాను చేతిలో పనిముట్లవుతున్నారని అన్నారు. బాధితుల సంఘాలకు అది మింగుడుపడలేదు. వాళ్లు అడిగింది తప్పు కప్పిపుచ్చిన బిషప్‌ల మీద చర్య. సాతాను వ్యక్తిలో కాదు, వ్యవస్థల్లో ఉన్నాడని సోసా అన్న మాట ఈ నేపథ్యంలో వినాలి. వ్యవస్థ అంటే అందులో చర్చి కూడా వస్తుంది.

2005 నుంచి రోమ్‌లో ఎక్సార్సిజం కోర్సు నడుపుతున్న రెజీనా అపొస్తోలోరుం విశ్వవిద్యాలయం ఎవరిదో కూడా చెప్పుకోవాలి. అది లీజనరీస్ ఆఫ్ క్రైస్ట్ సభది. ఆ సభ స్థాపకుణ్ని లైంగిక వేధింపుల ఆరోపణల మీద 2006లో వాటికన్ పక్కనపెట్టింది.

మన దగ్గర ఊళ్లలో దయ్యాలు వెళ్లగొట్టే ప్రార్థన కూటాలు ఎక్కువగా స్వతంత్ర సంఘాలవి. ఈ గొడవతో వాటికి సంబంధం లేదు. క్యాథలిక్ చర్చిలో మాత్రం బిషప్ అనుమతి లేకుండా ఏ గురువూ ఆ పని చేయకూడదు. తెలుగు విచారణల్లో కూడా ఈస్టరు జాగరణ రాత్రి గురువు సాతానును వదిలేస్తారా అని అడుగుతారు, జనం వదిలేస్తామంటారు. ఆ ప్రశ్న మారే సూచన ఏదీ లేదు.

ఫ్రాన్సిస్ స్వయంగా జెస్యూటే. అయినా 2018 నాటి తన ఉద్బోధలో, సాతానును కల్పన అని, ప్రతీక అని, మాట తీరు అని అనుకోవద్దని రాశారు. సోసా పక్షానికి ఇది ఇబ్బందే. కానీ ఎక్సార్సిస్టుల సంఘానికి గుర్తుచేయడం తప్ప ఎవరినీ మందలించే అధికారం లేదు. ఆ అధికారం ఉన్నది విశ్వాస సిద్ధాంత విభాగానికి. 2017 జులై నుంచి 2023 దాకా దాని అధిపతిగా ఉన్న కార్డినల్ లూయిస్ లదారియా కూడా జెస్యూటే.